లేని పరుగు

రిటైరయ్యాక నిజామాబాద్‌లో మా ఇంటి దగ్గరి మైదానానికి రోజూ పొద్దున నడకకు పోతుంటాను. అక్కడ ప్రాక్టీసు చేసే పిల్లల్లో కొందరికి నేను ఒకప్పుడు రాష్ట్ర జట్టుకు ఆడానని తెలుసు. అలసిపోయి కూర్చున్నప్పుడు వచ్చి చుట్టూ చేరతారు. "సార్, మీ లైఫ్‌ల అన్నిట్ల కన్న మంచి వికెట్ ఏది?" అని అడుగుతారు. ఏదో పేరుమోసిన బ్యాట్స్‌మన్‌ను బోల్తా కొట్టించిన కథ చెబుతానని వాళ్ల ఆశ. నేను చెప్పేది విన్నాక ముఖాలు చిన్నబోతాయి. ఎందుకంటే నాకు గుర్తుండిపోయిన వికెట్ నేను తీసింది కాదు. మా సొంత జట్టు కెప్టెన్ రనౌటైన వికెట్ అది. అదీ మేం ఓడిపోయిన మ్యాచ్‌లో.

ఆట మానేసి ఆట నేర్పుదామనుకునే వాళ్లకు పనికొస్తుందని ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను. పనికిరాకపోయినా నష్టం లేదు. ముసలివాళ్లు చెప్పేవన్నీ పనికొచ్చేవే అయితే లోకం ఎప్పుడో బాగుపడేది.

నేను ఎడమచేతి స్పిన్నర్‌ని. క్రికెట్ పుణ్యమా అని హైదరాబాద్‌లో ఒక సంస్థలో ఉద్యోగం దొరికింది, వాళ్ల జట్టుకు ఆడాను, కొన్నాళ్లు రాష్ట్ర జట్టుకూ ఆడాను. ఆ తర్వాత భుజం మొరాయించింది. డాక్టరు బంతి పట్టొద్దన్నాడు. ఆఫీసులో కూర్చుని ఫైళ్లు తిప్పమన్నారు. నాకు బంతి తిప్పడం వచ్చు గానీ ఫైళ్లు తిప్పడం రాలేదు. బోధన్‌లో ఒక కాలేజీ వాళ్లు కోచ్ కోసం వెతుకుతున్నారని తెలిసి సొంత జిల్లాకు వచ్చేశాను. ఆడినవాడికి నేర్పడం ఎంత పని అని అందరూ అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

మొదటి రోజు పిల్లలందరినీ వరసగా నిలబెట్టి నా గురించి చాలాసేపు చెప్పాను. ఏయే ఊళ్లలో ఆడానో, ఎలాంటి వికెట్ల మీద వేశానో అన్నీ చెప్పాను. అంతా శ్రద్ధగా విన్నారు. చివరికి ఒకడు చెయ్యెత్తాడు.

"సార్, మీరు టీవీల వచ్చిన్రా?"

"రాలేదు."

"ఒక్కసారి గూడ?"

"ఒక్కసారి గూడ రాలే."

అంతే. వాళ్ల కళ్లలో నా విలువ ఎంత పడిపోయిందో నాకు అక్కడే కనిపించింది. మళ్లీ పైకి ఎక్కించుకోవడానికి చాలా కాలం పట్టింది.

మా మైదానం గొప్పగా ఉండేది కాదు. నల్లమట్టి నేల. మధ్యలో పిచ్ మీద కొబ్బరి పీచు మ్యాట్ పరిచి, నలుగురు నాలుగు వైపులా లాగి పట్టుకుంటే మేకులు కొట్టేవాళ్లం. మ్యాట్ వదులైతే బంతి పాములా జారిపోయేది. పిల్లలు బోధన్ టౌన్ నుంచి, కోటగిరి వైపు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు. వేల్పూర్, బాల్కొండ వాళ్లు కాలేజీ హాస్టల్లో ఉండేవాళ్లు. కాలువకు నీళ్లు వదిలితే సగం జట్టు పొలాల్లో ఉండేది. పసుపు ఉడకబెట్టే రోజుల్లో వేల్పూర్ పిల్లలు ఇంటికి పోయి వస్తే అరచేతులకు పసుపు వదిలేది కాదు. వాళ్లు బౌలింగ్ చేస్తే ఎర్ర బంతి కాస్తా పెళ్లి కూతురయ్యేది.

నాకు తోడు ఫిజికల్ డైరెక్టర్ ఉండేవాడు. ఆయన కబడ్డీ మనిషి. క్రికెట్ అంటే ఆయన దృష్టిలో తీరికున్నవాళ్ల పని. "మీ ఆటల పదకొండు మందిల తొమ్మిది మంది ఉత్తగనే నిలవడి ఉంటరు గద సార్, ఇంటికాడ నిలవడితే ఏం తక్లీఫ్?" అని రోజుకోసారి అనకపోతే ఆయనకు తిన్నది అరిగేది కాదు. కానీ మ్యాట్‌కు మేకులు కొట్టడానికి పొద్దున్నే అందరికంటే ముందు వచ్చేది ఆయనే.

ఇక కెప్టెన్ సంగతి. అతనిది కోటగిరి వైపు ఒక క్యాంపు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కుని స్థిరపడ్డ రైతుల ఊళ్లను మా వైపు క్యాంపు అంటారు. ఇంట్లో 'ఏమండీ, రండీ' అని మాట్లాడేవాడు, గ్రౌండ్‌లోకి వస్తే మావాళ్లలాగే 'గట్ల, గిట్ల' అనేవాడు. రెండింట్లోనూ ధారాళంగా తిట్టగలడు. బ్యాటింగ్ చూస్తే మాత్రం ఎవరైనా నోరు మూసుకోవాల్సిందే. అంత నెమ్మదైన చేతులు నేను పెద్ద జట్లలో కూడా తక్కువ చూశాను. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. యూనివర్సిటీ జట్టుకు ఎంపిక కావడానికి అదే చివరి అవకాశం.

ఒకరోజు అతని తండ్రి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "ఏమండీ మాస్టారూ, ఈ ఒక్క ఏడాదేనండి" అన్నాడు. "యూనివర్సిటీ టీములో తీసుకున్నారా, సంతోషం, ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పంపిస్తాను. తీసుకోలేదా, ఈ కోతలకి మావాడు వరికోత మిషనెక్కాల్సిందే. నా మోకాళ్లు సహకరించట్లేదండి." కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పాడు, టీ తాగాడు, పోయాడు. కెప్టెన్‌కు ఆ సీజన్ అంటే ఏమిటో ఆ రోజు నుంచి నాకూ తెలుసు.

కెప్టెన్ వెనక బండి మీద రోజూ ఒక పిల్లవాడు వచ్చేవాడు. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. జట్టంతా చిన్నోడు అనే పిలిచేది. కోటగిరి పక్క ఊళ్లో రైతు కొడుకు. కళ్లంలో టెన్నిస్ బంతితో ఆడుతుంటే కెప్టెనే చూసి, వాళ్ల బాపుతో మాట్లాడి కాలేజీలో చేర్పించాడు. చిన్నోడు ఆడే బ్యాట్ కెప్టెన్‌ది, ప్యాడ్లు కెప్టెన్‌వి, వచ్చే బండి కెప్టెన్‌ది. బ్యాటింగ్, బౌలింగ్ రెండూ చేసేవాడు. భయం అనేది లేకుండా ఆడేవాడు. అన్న అని పిలిచే కెప్టెన్ అంటే మాత్రం వాడికి ప్రాణం.

వీళ్లిద్దరూ కలిసి బ్యాటింగ్ చేస్తే స్కోరు పరుగెత్తేది. కాసేపటికి చిన్నోడు రనౌటయ్యేవాడు. ఒక మ్యాచ్‌లో అయితే పొరపాటు అనుకున్నాను. మళ్లీ అయింది. మళ్లీ అయింది. నాకు తెలిసిన మందు ఒక్కటే, వాళ్లను పరుగెత్తించడం. మైదానం చుట్టూ రోజూ ఉరికించాను. పిచ్ మీద బ్యాట్ పట్టుకుని అటూ ఇటూ ఉరికించాను. నోళ్లు తెరిచి 'యెస్, నో' అని అరవడం నేర్పించాను. ప్రాక్టీసులో అందరూ లేళ్లలాగా ఉరికారు. మ్యాచ్‌లో చిన్నోడు మళ్లీ రనౌటయ్యాడు.

ఆ రోజు నేను తల పట్టుకుని కూర్చుంటే ఫిజికల్ డైరెక్టర్ పక్కకు వచ్చాడు.

"సార్, మీరు కోప్పడకుంటే ఒక మాట. మీ చిన్నోడు ఉరుకుత లేడు. మొక్కుతుండు."

"మొక్కుడేంది?"

"సూడున్రి మీరే. ఇంకోని తోటి ఆడినప్పుడు మంచిగనే నిలవడ్తడు. అన్న అవతల దిక్కు ఉంటెనే అవుటైతడు. అన్న రమ్మంటడు, వీడు పోతడు. రన్ ఉన్నదా లేదా అని సూస్తడా? సూడడు."

ఆ తర్వాత మ్యాచ్‌లో నేను బంతిని చూడటం మానేసి చిన్నోడిని చూశాను. ఆయన చెప్పింది నిజమే. క్రికెట్ తెలియని వాళ్ల కోసం కొంచెం విడమర్చి చెప్పాలి. బంతి కొట్టిన తర్వాత ఇద్దరు బ్యాట్స్‌మెన్ ఒకరి చోటికి ఒకరు పరుగెత్తాలి. ఇద్దరూ మధ్యలో ఒకరినొకరు దాటాక బంతి ఏ వైపు వికెట్లకు తగిలితే ఆ వైపుకు పోతున్నవాడు అవుట్. ఒకడు సగం దూరం వచ్చేస్తే, రెండోవాడి ముందు రెండు దారులుంటాయి. కదలకుండా నిలబడితే వచ్చినవాడు అవుటవుతాడు. తెలిసి తెలిసి ఎదురు పరుగెత్తితే తాను అవుటై, వచ్చినవాడిని కాపాడవచ్చు. చిన్నోడు ప్రతిసారీ చేస్తున్నది ఆ రెండోది.

పిలిచి అడిగాను. "రన్ లేదని నీకు తెల్వదా?"

"తెలుసు సార్."

"మరెందుకు ఉరికినవ్?"

"అన్న రమ్మన్నడు గద సార్."

"లేని రన్నుకు రమ్మంటె?"

చిన్నోడు నేల చూపులు చూశాడు. "అన్న అప్పటికే సగం దాంక వచ్చిండు సార్. నేను ఆగితె అన్న అవుటైతడు. నేను ఉరికితె నేనైత. నేనైతె ఏం కాదు గద."

వాడు అబద్ధం చెప్పలేదు, సాకు చెప్పలేదు. ఇంట్లో పెద్దన్న మాటకు ఎదురు చెప్పని పిల్లలు మా వైపు ఇప్పటికీ ఉన్నారు. అన్న పిలిస్తే 'ఎందుకు' అని అడగరు, లేచి పోతారు. ఆ గుణాన్ని చూసి ముచ్చటపడాలో, చెవి పట్టుకుని మెలిపెట్టాలో నాకు ఆ క్షణాన తోచలేదు.

కెప్టెన్‌ను కూడా పిలిచాను. చూడకుండా ఉరుకుతున్నావని గట్టిగా చెప్పాను. అతను ఒప్పుకున్నాడు. "నిజమే సార్, కొట్టంగనే కాళ్లు ఆగవు. వాడు వద్దంటె ఆగుత. కని వాడు అనడు గద." అదే అసలు చిక్కు. వద్దనేవాడు లేక కెప్టెన్‌కు తన తప్పు తెలియడం లేదు. చిన్నోడు తన వికెట్ ఇచ్చి ఆ తప్పును కప్పుతున్నాడు. అన్నకు మేలు చేస్తున్నాననుకుంటూ అన్నను పాడు చేస్తున్నాడు. రేపు యూనివర్సిటీ జట్టులో అవతలి వైపు ఇలాంటి తమ్ముడు ఉండడు.

నాకు తెలివి పొంగింది. మర్నాటి నుంచి గ్రౌండ్‌లో 'అన్న' అనే మాట నిషేధం, అందరూ పేర్లతోనే పిలుచుకోవాలని చెప్పాను. హైదరాబాద్‌లో మేం అలాగే పిలుచుకునేవాళ్లం. ఆ రోజు నుంచి మా మైదానం మూగదైపోయింది. జూనియర్లు సీనియర్ల పేర్లు నోట్లోకి రాక 'ఓ... ఇగో... బాల్!' అని అరిచారు. ఇద్దరు ఫీల్డర్లు ఒకే క్యాచ్ కింద నిలబడి, ఎవరినెవరు పిలవాలో తెలియక, బంతి ఇద్దరి మధ్య పడేదాకా ముఖాలు చూసుకున్నారు. కెప్టెన్ నా దగ్గరికి వచ్చి నవ్వాపుకుంటూ చెప్పాడు. "సార్, వాడు నన్ను పేరు పెట్టి పిలిచినట్టు వాళ్ల అవ్వకు తెలిస్తె చెప్పు తీస్కుంటది. నాకు గాదు, మీకు." నిషేధం ఎత్తేశాను.

ఓడినవాడికి సిగ్గెందుకని ఫిజికల్ డైరెక్టర్ దగ్గరికే పోయాను. కబడ్డీలో ఇలాంటిది ఎప్పుడైనా వచ్చిందా అని అడిగాను.

"రాకేంది సార్? కబడ్డీల అన్న కూతకు వస్తె తమ్ముడు కాలు పట్టడు. పండుగ పండుక్కి మొక్కే కాలు, ఎట్ల పట్టి గుంజుతడు?"

"మరి ఎట్ల మాన్పిచ్చిన్రు?"

"ముందుగాల నా కాలు పట్టి కిందెయ్యిమన్న. సార్‌నే పడేసినంక అన్న ఎంత? రోజు నన్నే పడేసిన్రు. నడుము గిప్పటికి నొస్తది."

అందులో నాకు దారి దొరికింది. చిన్నోడిని పిలిచి చెప్పాను. వారం రోజులు నేను ఏది చెప్పినా వద్దనాలి. ఒక్కసారి సరే అన్నా మైదానం చుట్టూ ఉరకాలి.

"మ్యాట్ తీస్కరా పో."

వాడి కాళ్లు కదిలాయి. ఆగాయి. నుదుటన చెమట పట్టింది. "తే... తేను సార్."

"గట్టిగ!"

"తేను సార్!"

అన్న తర్వాత భయంతో నాకు దండం పెట్టాడు. మొదటి రెండు రోజులు ఇదే వరస. నేను నీళ్లిస్తే వద్దన్నాడు, దాహంతో ఇబ్బంది పడ్డాడు. కూర్చోమంటే కూర్చోనన్నాడు. సీనియర్లు కూడా ఆటలో కలిశారు. సమోసా తెచ్చి వాడి ముందు పెట్టి 'తింటవారా' అని అడిగేవాళ్లు. వాడు సమోసా వైపు చూస్తూ, కళ్లలో నీళ్లు పెట్టుకుని, 'వద్దన్నా' అనేవాడు. వారం ముగిసేసరికి వాడికి అలవాటై, ఎవరితో అంటున్నాడో చూసుకోకుండా అనడం మొదలుపెట్టాడు. ప్రిన్సిపాల్ గారు వరండాలో ఎదురుపడి, "ఏమయ్యా, రేపు ఫంక్షన్‌లో స్టేజీ మీదికి రా, శాలువా కప్పుదాం" అంటే, "రాను సార్!" అని గట్టిగా అరిచాడట. ప్రిన్సిపాల్ గారు నన్ను గదిలోకి పిలిపించి, మీరు నేర్పేది క్రికెట్టేనా అని అడిగారు. అవునన్నాను. ఆయనకు నమ్మకం కుదరలేదు.

నిజామాబాద్ టౌన్‌లో ఇంటర్ కాలేజీ మ్యాచ్ నాటికి పరిస్థితి ఇదీ. చిన్నోడు నన్ను కాదనగలడు, ప్రిన్సిపాల్‌ను కాదనగలడు. మ్యాచ్‌లో అన్నను కాదన్నది మాత్రం ఇంకా ఒక్కసారీ లేదు. ఆ అవసరం రాకూడదనే నేను కోరుకున్నాను.

ఆ రోజు షామియానా కింద యూనివర్సిటీ సెలక్టర్లు కూర్చున్నారు. వాళ్లలో పెద్దాయన నాకు పాత పరిచయం, ఒకప్పుడు ఎదుటి జట్టులో ఆడినవాడు. ముక్కుసూటి మనిషి. మా జట్టు నుంచి ఒక్కడినే తీసుకునే వీలుందని ముందే చెప్పాడు. కెప్టెన్ తండ్రి కూడా వచ్చాడు. బౌండరీ దగ్గర బండి ఆపుకుని, దాని మీదే కూర్చుని చూస్తున్నాడు.

ఎదుటి జట్టు మొదట ఆడి మంచి స్కోరే చేసింది. మేం ఛేదించాలి. వికెట్లు పడ్డాయి గానీ కెప్టెన్ నిలబడ్డాడు. ఆ రోజు అతని ఆట నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. తొందర లేదు, బలం చూపించడం లేదు, బంతి తనంతట తానే ఖాళీలు వెతుక్కుంటూ పోయింది. చిన్నోడు వచ్చి జతకలిశాడు. ఇద్దరూ ఆడుతుంటే ఎదుటి జట్టు ముఖాల్లో రక్తం లేదు. పెద్ద సెలక్టర్ నా వైపు వంగి, "మీ కెప్టెన్ బాగున్నడయ్యా, ఇంకొంచెం సేపు ఉంటే చాలు" అన్నాడు. నేను కుర్చీలో కొంచెం వెనక్కి వాలి కాలు మీద కాలు వేసుకున్నాను.

అప్పుడు జరిగింది. కెప్టెన్ బంతిని వికెట్ల వెనక పక్కకు, అక్కడ నిలబడ్డ ఫీల్డర్ వైపు నెమ్మదిగా కట్ చేశాడు. బంతి వికెట్ల వెనకకు పోతే కొట్టినవాడికి కనబడదు కాబట్టి, పరుగుకు పిలవాల్సింది అవతలి వాడు. అంటే పిలుపు చిన్నోడిది. కెప్టెన్ కాళ్లు అలవాటు ప్రకారం ఆగలేదు. "రా!" అని అరుస్తూ బయల్దేరాడు. ఫీల్డర్ అప్పటికే బంతి మీదికి వంగుతున్నాడు. పరుగు లేదు. షామియానాలో కూర్చున్న నాకే కనబడుతోంది.

"వద్దన్నా!"

ఆ కేక మైదానం చివరిదాకా వినబడింది. కెప్టెన్ అప్పటికే సగం దూరం వచ్చాడు. తలెత్తి చూశాడు. ఆ ఒక్క క్షణం చిన్నోడి కుడి కాలు గీత దాటి ముందుకు పడింది. నేను చూశాను. వాడి ఒళ్లంతా ముందుకు వంగింది. పాత చిన్నోడైతే ఉరికి, కెప్టెన్‌ను దాటి, తాను అవుటై, బ్యాట్ చంకలో పెట్టుకుని నవ్వుతూ వచ్చేసేవాడు. అన్న ఆట సాగేది. సెలక్టర్లు చూసేవాళ్లు. అన్నీ సవ్యంగా జరిగేవి.

చిన్నోడు కాలు వెనక్కి తీసుకున్నాడు. చెయ్యెత్తి అలాగే నిలబడ్డాడు. కెప్టెన్ వెనక్కి తిరగబోయి మ్యాట్ అంచు మీద జారాడు. ఫీల్డర్ విసిరిన బంతి అందుకుని కీపర్ వికెట్ల మీది బెయిల్స్ ఎగరగొట్టాడు.

ఎదుటి జట్టు గంతులేసింది. కెప్టెన్ లేచి, మోకాలి మన్ను దులుపుకుని, ఎవరి వైపూ చూడకుండా నడుచుకుంటూ వచ్చాడు. చిన్నోడు కిందికి వంగి బూటు లేసు కట్టుకుంటున్నట్టు నటించాడు. కళ్లు తుడుచుకుంటున్నాడని నాకు తెలుసు.

షామియానా వెనక మా సీనియర్లు అందుకున్నారు. "బ్యాటు అన్నది, బండి అన్నది, ఆఖరికి అన్ననే అవుట్ జేసిండు." "వద్దనుడు నేర్పిన్రు గద, కండ్లు నెత్తికెక్కినయ్." ఆ రెండో మాట నా కోసమే. నేను లేచి, "అక్కడ రన్ లేదు" అన్నాను. కెప్టెన్ ఒక మూల కూర్చుని ప్యాడ్లు విప్పుకుంటున్నాడు. ఫిజికల్ డైరెక్టర్ పోయి పక్కన కూర్చుని నీళ్ల సీసా చేతిలో పెట్టాడు.

లోపల చిన్నోడు ఒంటరిగా పోరాడాడు. బ్యాటింగ్ సరిగా రాని మా బౌలర్లను అవతలి వైపు పెట్టుకుని, ఉన్న పరుగుకు రమ్మని, లేని పరుగుకు వద్దని అరుస్తూ, ఒక్కో పరుగు ఏరుకుంటూ చాలా దగ్గరికి తీసుకొచ్చాడు. చివరివాడు ఆశ ఆపుకోలేక గాలిలోకి లేపి క్యాచ్ ఇచ్చాడు. కొద్ది పరుగుల్లో ఓడిపోయాం. కెప్టెన్ ఇంకో నాలుగు ఓవర్లు ఉంటే గెలిచేవాళ్లమని పసిపిల్లలకు కూడా తెలుస్తుంది.

మ్యాచ్ అయ్యాక పెద్ద సెలక్టర్ నన్నూ కెప్టెన్‌నూ పిలిచాడు. చుట్టూ తిప్పకుండా మొదలుపెట్టాడు.

"ఇద్దర్ల ఒక్కన్ని తీసుకోవాలె. నువ్వు బాగ ఆడినవ్. ఆ పిల్లగాడు గూడ బాగనే ఆడిండు. కని కెప్టెన్‌ను రనౌట్ చేసేటోడు నాకొద్దు. గా రనౌట్‌ల తప్పెవరిది?"

నేను నోరు తెరవబోయాను. సెలక్టర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వాగు. నేను ఆయన్ని అడుగుతున్న."

కెప్టెన్ ఒకసారి బౌండరీ వైపు చూశాడు. వాళ్ల నాన్న బండి దిగి నిలబడి ఇటే చూస్తున్నాడు. 'వాడు తొందరపడి వద్దన్నాడు' అంటే చాలు. ఎవరూ తప్పుపట్టరు. జట్టంతా అదే అంటోంది. నాలాంటి వాడు మెల్లగా 'ఇద్దరిదీ సార్' అని తప్పించుకునేవాడు. ఆ మాట నేను నా రోజుల్లో చాలామంది నోట విన్నాను.

"నాదే సార్" అన్నాడు కెప్టెన్. "పిలుపు వానిది. నేను చూడక ఉరికిన. అక్కడ రన్ లేదు. వాడు బరాబర్ చెప్పిండు."

సెలక్టర్ కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "ఎప్పుడు గిట్లనే ఉరుకుతవా?"

"ఉరుకుత సార్. ఇన్ని రోజులు వాడు తన వికెట్ ఇచ్చి నన్ను కాపాడిండు. అందుకే ఎవలికి తెల్వలే."

అడగని దానికి కూడా జవాబు చెప్పాడు. "సరే, ఆ పిల్లగాన్ని పిలువు" అన్నాడు సెలక్టర్.

నేను ఎన్నో వికెట్లు తీశాను. పేపర్లో ఫొటో పడింది. మా అమ్మ ఆ పేపర్ ముక్కను దేవుడి పటం వెనక దాచుకుంది. అవన్నీ కలిపినా ఆ పూట నాకు కలిగినంత గర్వం కలగలేదు. ఆ కెప్టెన్ నా జట్టు వాడు అని లోకానికి చాటి చెప్పాలనిపించింది. నేను నేర్పానా అంటే నేర్పలేదు. పరుగు కోసం కళ్లు పెట్టుకుని చూడమని మాత్రం చెప్పాను. తన తప్పును ఇలా చూడటం అతనిది, అతన్ని పెంచిన ఇంటిది. అయినా గర్వపడే హక్కు కోచ్‌కు ఎలాగో ఒకలాగ వస్తుంది. నేను ఆ హక్కు వదులుకోలేదు, ఇప్పటికీ వదులుకోను.

ఆ కోతలకు కెప్టెన్ మిషన్ ఎక్కాడు. నేను కోటగిరి దారిన పోయినప్పుడు కనబడితే ఇంజిన్ ఆపి, దిగి, చేతులు తుడుచుకుని వచ్చి పలకరిస్తాడు. ఆ మాట అన్నందుకు ఎన్నడైనా బాధపడ్డావా అని నేను అడగలేదు. అతని ముఖం చూస్తే అడగాలనిపించదు.

అయితే ఆ రోజు అంతటితో అయిపోలేదు. చిన్నోడిని పిలిపించారు. షామియానా వెనక దాక్కున్నవాడిని ఫిజికల్ డైరెక్టర్ రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. సెలక్టర్ భుజం తట్టి, యూనివర్సిటీ జట్టు క్యాంపుకు రావాలని చెప్పాడు.

చిన్నోడు చుట్టూ చూశాడు. కెప్టెన్‌ను చూశాడు. సంగతి అర్థమైంది.

"నేను రాను సార్" అన్నాడు.

"ఏంది?"

"రాను సార్. అన్నను తీస్కోన్రి. అన్న లేకుంటె నేను రాను."

సెలక్టర్ నా వైపు తిరిగాడు. "ఏం నేర్పినవయ్యా వీనికి? సెలక్ట్ అయినవంటె రానంటడా?" నేనేం చెప్పను? సరిగ్గా నేను నేర్పిందే వాడు చేస్తున్నాడు. వారం రోజులు కూర్చోబెట్టి నేర్పించాను. ఆయన విసుగ్గా లేచి నిలబడ్డాడు. ఇంకో నిమిషం అయితే ఆ అవకాశం వేరే కాలేజీ వాడికి పోయేది. నేను చిన్నోడిని బతిమాలాను, గదిమాను. నన్ను కాదనడం వాడికి అప్పటికే మంచినీళ్లు తాగినంత తేలిక.

కెప్టెన్ వచ్చి వాడి రెండు భుజాలు పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు.

"ఒరేయ్, ఇటు చూడు. ఇందాక నన్నెందుకు వద్దన్నవ్?"

చిన్నోడు ఏడుస్తూనే చెప్పాడు. "రన్ లేకుండె అన్నా."

"లేదని వద్దన్నవ్. మంచి పని చేసినవ్. గీ రన్ ఉన్నది రా. ఉరుకు."

చిన్నోడు నా వైపు చూశాడు. నేను కెప్టెన్ వైపు చెయ్యి చూపించాను. ఈసారి పిలుపు అతనిది. వాడు చొక్కా చేతితో ముఖం తుడుచుకుని, సెలక్టర్ దగ్గరికి పోయి, "వస్త సార్" అన్నాడు.